‘అపరాజితో’ చిత్రమూ, దానిపై వెలువడిన తీర్పులూ

శోకాన్ని ప్రధానంగా గ్రహించిన కృతి మీద తీర్పు చెప్పడం విమర్శకునికి మిక్కిలి కష్టమైన పని. హాస్యకృతి ఫలించినదా లేదా అన్నది నవ్వు చెప్పగలదు. శోకకృతి విషయంలో కన్నీరు అంత నమ్మదగిన సాక్షి కాదు. కన్నీరు పెట్టించే కృతులలో పేలవమైనవి ఎన్నో ఉన్నవి; కన్ను తడి కానీయకుండానే మనస్సులో చిరకాలం నిలిచిపోయే కృతులు కొన్ని ఉన్నవి. ఈ రెండవ కోవకు చెందిన ఒక చలనచిత్రం మన దేశంలోనే పుట్టి, ఒకచోట నిరాదరణనూ మరొకచోట పరమ గౌరవాన్నీ ఏడాది తిరగకముందే పొందినది. సత్యజిత్ రాయ్ నిర్మించిన ‘అపరాజితో’ చరిత్ర అది. చిత్రం నవలనుండి పుట్టినది. దానిమీద వచ్చిన వివాదానికి మూలం ఆ నవలలోని ఒకానొక భావం. కనుక ఈ చరిత్ర చలనచిత్రాభిమానులకంటె రచయితలకు ఎక్కువ పనికివచ్చేదని నా అభిప్రాయం.

విభూతిభూషణ బందోపాధ్యాయ ‘పథేర్ పాంచాలి’ నవల 1929లోనూ, దాని ఉత్తరభాగమైన ‘అపరాజితో’ 1932లోనూ గ్రంథరూపంలో వెలువడినవి. రాయ్ మొదటి చిత్రం ‘పథేర్ పాంచాలి’ 1955 ఆగస్టులో కలకత్తాలో విడుదలై, మెల్లగా జనాదరణ సంపాదించి, మరుసటి సంవత్సరం కాన్ ఉత్సవంలో ఉత్తమ మానవజీవిత చిత్రంగా బహుమానం పొందినది. ఆ ఉత్సాహంతో రాయ్ రెండవ చిత్రానికి పూనుకొన్నాడు. మొదటి నవలలోని చివరి అయిదవ వంతునూ, రెండవ నవలలోని మొదటి మూడవ వంతునూ కలిపి కథ అల్లుకొన్నాడు. మొదటి చిత్రానికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ద్రవ్యసహాయం చేయగా, రెండవదానిని ఎపిక్ ఫిల్మ్స్ అనే స్వంత సంస్థ పేర నిర్మించినాడు. పెద్ద స్టూడియోల అండ లేదు, పేరుమోసిన తారలు లేరు, పాటలు లేవు. స్వతంత్ర చిత్రమనే మాట అప్పటికి మన దేశంలో ప్రచారంలో లేకపోయినా, ఆ మాటకు తగిన వస్తువు మాత్రం 1956 అక్టోబరు 11వ తేదీన కలకత్తాలో తెరమీదికి వచ్చినది.

కథ తెలియనివారికోసం నాలుగు మాటలు. కూతురు దుర్గ మరణించిన తరువాత హరిహరుడు భార్య సర్వజయనూ కుమారుడు అపూనూ వెంటబెట్టుకొని కాశీ చేరి, గంగ ఒడ్డున పురాణం చెప్పి బ్రతుకుతూ ఉంటాడు. జబ్బుపడి, ఒక తెల్లవారుజామున, కొడుకు పరుగున తెచ్చిన గంగాజలం గొంతులో పడగానే ప్రాణం విడుస్తాడు. సర్వజయ ఒక ధనికుల ఇంట వంటమనిషిగా కుదురుతుంది. కొడుకు ఆ ఇంటి యజమానికి తెల్లవెంట్రుకలు ఏరుతూ చిల్లర సేవలకు అలవాటుపడడం చూచి, అక్కడ ఉండలేక అతనిని తీసుకొని మనసాపోత గ్రామానికి వెళ్లిపోతుంది. అక్కడ అపు పౌరోహిత్యం నేర్చుకొంటాడు. బడిలో చదువుకుంటానని పట్టుబడతాడు. చదువులో రాణించి విద్యార్థివేతనంతో కలకత్తా పోతాడు. రాత్రులు అచ్చుకూటంలో పని, పగలు కళాశాల. ఊరికి రావడం క్రమంగా తగ్గుతుంది. తల్లికి జబ్బు. ఆ సంగతి ఆమె కొడుకుకు వ్రాయదు. చివరకు వార్త తెలిసి అతడు వచ్చేటప్పటికి ఇల్లు శూన్యం. చెట్టు మొదట కూర్చుండి ఏడుస్తాడు. శ్రాద్ధం ఇక్కడనే పెట్టుకొని పౌరోహిత్యం చేసుకొంటూ ఉండిపొమ్మని పెద్దాయన చెప్పగా, కాళీఘాట్‌లో పెట్టుకొంటానని మూట భుజాన వేసుకొని బయలుదేరుతాడు. అంతటితో చిత్రం ముగుస్తుంది.

కలకత్తా ప్రేక్షకులకు ఇది రుచించలేదు. మొదటి చిత్రం ఆడినట్లు ఇది ఆడలేదు. పెట్టిన ధనం చిక్కుపడినది. నగరపు పొలిమేరలలో నివసించే మధ్యతరగతివారిని తల్లీకొడుకుల సంబంధం చిత్రించిన తీరు కలవరపెట్టినదని రాయ్ స్వయంగా తరువాత వ్రాసినాడు. వారెరిగిన తల్లీకొడుకుల బంధం పరస్పర మాధుర్యంతో, అంకితభావంతో నిండినది. ఇక్కడ కొడుకు తల్లి మాట్లాడుతూ ఉండగానే నిద్రపోతాడు. ‘నాకు జబ్బు చేస్తే నీ సంపాదనతో వైద్యం చేయిస్తావా’ అన్న అర్థంలో ఆమె అడుగుతూ ఉంటుంది, జవాబు లేదు. ఆమె తల తిప్పి చూస్తుంది. కొడుకు కృతఘ్నుడా? కాదు, రోజంతా తిరిగి అలసిన పదహారేండ్లవాడు. చిత్రం అతనిని నిందించదు, సమర్థించదు. నిందించినట్లయితే ప్రేక్షకుడు తల్లిపక్షం వహించి తృప్తిగా ఏడ్చి ఉండేవాడు. సమర్థించినట్లయితే కోపగించుకొని ఉండేవాడు. ఈ రెండు మార్గాలూ మూసివేయడమే చాలమందికి సహించరానిదైనది.

1957లో వెనీస్ ఉత్సవానికి ఈ చిత్రం వెళ్లినది. న్యాయనిర్ణేతల సంఘానికి ఫ్రెంచి దర్శకుడు రెనె క్లేర్ అధ్యక్షుడు. పోటీలో కురొసావా ‘త్రోన్ ఆఫ్ బ్లడ్’, విస్కోంటీ ‘శ్వేతరాత్రులు’ వంటి చిత్రాలున్నవి. స్వర్ణసింహం ‘అపరాజితో’కు లభించినది. భారతీయ చిత్రానికి ఆ గౌరవం లభించడం అదే ప్రథమం. మరల 2001లో మీరా నాయర్ ‘మాన్‌సూన్ వెడ్డింగ్’కు లభించేవరకు నలుబది నాలుగేండ్లు గడిచినవి. వెనీస్‌లో పత్రికావిలేఖరుల సమావేశంలో, ఇది మూడు చిత్రాల కథయా అని ఎవరో అడిగినప్పుడు, అంతవరకు ఆ ఆలోచన లేని రాయ్ అవునని చెప్పివేసినాడట. మూడవ చిత్రమైన ‘అపుర్ సంసార్’ 1959లో వచ్చినది. కలకత్తా అపజయం ఆపివేసిన కథను వెనీస్ ప్రశ్న ముందుకు నడిపించినదన్నమాట.

ఇంతవరకు చెప్పి ఊరుకొనేవారు సాధారణంగా ఒక నీతి తీస్తారు: ఇంటివారు గుర్తించని ప్రతిభను విదేశీయులు గుర్తించినారని. ఈ తేలిక నిర్ణయాన్ని నేనంగీకరించలేను. మొదటిమాట, కలకత్తాలో అందరూ ఒకే మాట చెప్పలేదు. మృణాల్ సేన్, ఋత్విక్ ఘటక్ ఇద్దరూ దీనిని ‘పథేర్ పాంచాలి’కంటె ఉన్నతస్థానంలో నిలిపినవారే. రెండవమాట మరింత ముఖ్యం. వెనీస్ ప్రేక్షకునికి శ్రాద్ధం అంటే ఏమిటో, ఒక్కగానొక్క కొడుకు తల్లి పోయిన ఇంటిలో ఒక్క రాత్రియైనా నిలువకుండా వెళ్లిపోవడం అంటే ఏమిటో తెలియదు. తెలియనివానికి బాధ కలుగలేదు. బాధ కలుగనివాడు మెచ్చుకోవడం సులువు. కలకత్తా ప్రేక్షకుడు ఆ బాధ పడినాడు. చిత్రం అతనిని తాకినది, తాకరానిచోట తాకినది. ఆ విధంగా చూస్తే చిత్రాన్ని ఎక్కువ లోతుగా చూచినవాడు దానిని తిరస్కరించినవాడే. విమర్శలో ఉదాసీనతకంటె కోపం ఒక్కొక్కప్పుడు మేలైన చదువు.

ఆ తాకరాని చోటు ఏది? దీనికి నవలను ఆశ్రయించాలి. తల్లి మరణవార్త వినగానే అపు మనస్సులో మొట్టమొదట పుట్టినది దుఃఖం కాదనీ, క్షణకాలం ఒకానొక విచిత్రమైన విముక్తి తోచినదనీ విభూతిభూషణుడు వ్రాసినాడు. ఆ తరువాతనే తన మనస్సు చూచి తానే బెదరిపోవడం. రాయ్‌ని ఈ నవల చిత్రంగా తీయడానికి ప్రేరేపించిన వాటిలో ఈ సాహసవాక్యం ముఖ్యమైనదని ఆయనే చెప్పుకొన్నాడు. మన భాషలలో తల్లిని గురించి వ్రాసినవారు వేలసంఖ్యలో ఉంటారు. ఈ మాట వ్రాసినవారు ఎందరు? శరత్‌బాబును చక్రపాణి అనువాదాలలో చదివి పెరిగిన తెలుగు పాఠకులకు వంగ సాహిత్యమంటే మాతృవాత్సల్యం గుర్తు వస్తుంది. అదే వంగదేశం ఈ వాక్యాన్ని కూడా కన్నది.

నవలలో అది ఒక వాక్యం. చదివేవాడు ఒంటరిగా చదువుతాడు. ఆ వాక్యం దగ్గర ఆగి, తన అనుభవం తడవుకొని, తిరిగి సాగిపోతాడు. ఎవరూ అతని ముఖం చూడరు. చిత్రశాలలో వందలమంది నడుమ కూర్చున్నవాని స్థితి వేరు. పైగా చిత్రానికి ‘అతనికి విముక్తి తోచినది’ అని చెప్పే నోరు లేదు. రాయ్ ఆ వాక్యాన్ని వాక్యంగా చూపించలేదు. చిత్రమంతటా చిన్నచిన్న పనులలో చల్లివేసినాడు. సెలవులకు వచ్చిన అపు తిరుగు ప్రయాణానికి స్టేషనుకు పోయి, రైలు వచ్చి నిలిచినా ఎక్కకుండా ఇంటికి మరలివచ్చి, రైలు తప్పిపోయినదని తల్లికి చెబుతాడు. ఈ ఘట్టం చాలమందికి నచ్చినది. ప్రేమకు నిదర్శనమని పొగిడినారు. పొగిడినవారు గమనించని సంగతి ఒకటున్నది. ప్రేమించడానికి కూడా అతడు అబద్ధమాడవలసి వచ్చినది. ‘నీకోసం ఉండిపోయినాను’ అని చెప్పినట్లయితే ఆ మాట రేపటికి బంధమవుతుంది. రైలుమీద నెపం పెడితే ఒక్కనాటితో సరి. విడిపోవాలనే కోరికా, విడువలేని ప్రేమా ఒకే పనిలో కలిసి ఉన్నవి. విడుదల కోరుకొన్నవానికే విడుదల తోచడం సంభవం. అందుచేత చివర మూట భుజాన వేసుకొన్న అపు నడకలో మనకు కనబడే తేలికదనం ఆ రోజున పుట్టినది కాదు.

ఇక్కడ మన అలంకారశాస్త్రాన్ని కొంత సంప్రదించడం అసందర్భం కాదు. చిత్రంలో కరుణం పరిపోషం చెందలేదని ఆక్షేపించేవారు సాధారణంగా శాస్త్రం తమ పక్షాన ఉన్నదని తలుస్తారు. శాస్త్రం అంత ఇరుకైనది కాదు. భరతుడు కరుణానికి అనుభావాలుగా అశ్రువులను, విలాపాన్ని చెప్పిన మాట నిజమే. కాని వ్యభిచారులను లెక్కించేటప్పుడు నిర్వేదం, చింత, మోహం, జడత మొదలైనవాటిని కూడా చేర్చినాడు. మాట రాని శోకానికి ఆయన చోటు ఉంచినాడు. భవభూతి రాముని శోకం కూడా లోలోపల కాగుతూ పైకి పొక్కనిదే. కాశీ విడిచి పల్లెకు పోయే రైలులో సర్వజయ ముఖం, ఆమె అవసానంలో వాకిట చెట్టుకింద కూర్చుండి దూరాన పోయే రైలు వంక చూచే చూపు, ఇవన్నీ ఆ జడతకు ఉదాహరణలుగా చూపదగినవి. కరుణా బందోపాధ్యాయ ఆ పాత్రను నటించిన తీరు చూచినవారికి ఈ మాట అతిశయోక్తిగా తోచదు.

విముక్తిభావం సంగతి వేరు. అది ముప్పదిమూడు వ్యభిచారులలో కనబడదు. శోకం నడుమ హర్షలేశం కలిగితే రసభంగమనే తొందర పుడుతుంది. కాని ఆనందవర్ధనుడు రసవిరోధాన్ని చర్చిస్తూ, విరోధిభావమైనా ప్రధానరసానికి అంగంగా నిలిచినప్పుడు దోషం కాదనీ, దానిని పుష్టిపరచగలదనీ చెప్పినాడు. అందుకు ఆయన చూపిన ఉదాహరణ భారతంలోని స్త్రీపర్వంలోనిది: యుద్ధభూమిలో తెగిపడిన భూరిశ్రవుని చేతిని చూచి అతని భార్య ఆ చేయి చేసిన శృంగారచేష్టలను తలచుకొంటుంది. తిక్కన తెలిగించిన పర్వాలలో స్త్రీపర్వం కూడా ఉన్నది గనుక మనవారికి ఆ సన్నివేశం కొత్త కాదు. శృంగారస్మృతి అక్కడ శోకాన్ని తగ్గించదు, రెట్టింపు చేస్తుంది. అపు మనస్సులోని విడుదల కూడా అటువంటిదే అని నా వాదం. తల్లి చావు వలన తనకు స్వేచ్ఛ వచ్చినదని తెలిసినవాని దుఃఖం, అది తెలియనివాని దుఃఖంకంటె బరువైనది. మొదటివాడు తల్లినీ పోగొట్టుకొన్నాడు, తాను మంచివాడననే నమ్మకాన్నీ పోగొట్టుకొన్నాడు. పాశ్చాత్య విమర్శకులు ఈ చిత్రాన్ని ‘విశ్వజనీనం’ అన్న ఒక్కమాటతో పొగిడి ఊరుకొన్నప్పుడు ఈ బరువును తూచలేదు. ఆ మాట చాల సందర్భాలలో చదువకుండా సంతకం పెట్టడం వంటిది.

ఋత్విక్ ఘటక్ 1960లో ‘మేఘే ఢాకా తారా’ తీసినాడు. అందులో తల్లి కఠినురాలు. కూతురి కష్టార్జితం మీద ఇల్లంతా బ్రతుకుతుంది. ఆమె క్షయవ్యాధితో కొండలలోని ఆరోగ్యశాలలో ఉండి, బ్రతకాలని దిక్కులు ప్రతిధ్వనించేటట్లు ఆక్రోశిస్తుంది. ఘటక్ చిత్రాలలో జనాదరణ పొందినదిగా చెప్పదగినది అదే. నాలుగేండ్ల క్రితం కొడుకు పరధ్యానాన్ని సహించని నగరమే ఇక్కడ తల్లి కాఠిన్యాన్ని సహించినది. కారణం స్పష్టం. ఘటక్ ప్రేక్షకునికి ఏడ్చే హక్కు ఇచ్చినాడు. ఎవరిమీద కోపగించుకోవాలో చూపించినాడు. ఇది ఘటక్‌కు తక్కువ చేసి చెప్పడం కాదు; ఆ ఆక్రోశం వినినవాడు మరువలేడు. అయినా ‘అపరాజితో’ను అంతగా మెచ్చుకొన్న దర్శకుడు తన శోకచిత్రాన్ని దానికి పూర్తిగా ఎదురైన పద్ధతిలో తీయడం ఆలోచింపదగినది.

రాయ్ కూడా ఒక్కదారినే పట్టినవాడు కాడు. ‘పథేర్ పాంచాలి’లో దుర్గ చనిపోయిన సంగతి ఎరుగక హరిహరుడు ఆమెకోసం తెచ్చిన చీరను చూపగానే సర్వజయ కుప్పకూలుతుంది. ఆమె గొంతు మనకు వినబడదు. దాని స్థానంలో తార్ షెహనాయి తారస్థాయిలో ఏడుస్తుంది. అది కన్నీరు పెట్టించే ఘట్టమే. రెండవ చిత్రంలో హరిహరుని మరణానికి రోదనం లేదు. ప్రాణం పోయిన క్షణంలో కాశీ మేడలమీది పావురాలగుంపు ఒక్కసారిగా ఆకాశంలోకి లేస్తుంది. సర్వజయ మరణాన్ని అసలు చూపనేలేదు. చీకటిలో కొడుకు పిలుపు వినబడినట్లు భ్రమపడి తలుపు తెరుస్తుంది. చెరువుగట్టున మిణుగురు పురుగులు మినుకుమంటూ ఉంటవి. అంతే. మూడు మరణాలు, మూడు తీరులు. ఒక్కొక్కదానికి శోకం మరింత లోపలికి పోయినది. చావు గురించి వ్రాయబూనిన కథకులకు ఈ మూడు ఘట్టాలను వరుసగా చూడడం ఒక పాఠ్యగ్రంథమంత ఉపయోగం.

చిత్రంలో లోపాలు లేవని కాదు. బాలుడైన అపు పినాకీ సేన్‌గుప్త, యువకుడైన అపు స్మరణ్ ఘోషాల్. చేతిలోని లాంతరు వెలుగులో కాలం గడిచిపోయి, మొదటివాని స్థానంలో రెండవవాడు నిలుస్తాడు. పెద్దవాని ముఖంలో చిన్నవాని కుతూహలం తగినంత కనబడదు. కొంతసేపటివరకు మనం అతనిని నమ్మడానికి శ్రమపడతాము. అంతకంటె పెద్దలోటు లీల. నవలలో అపు జీవితంతో పెనవేసుకొన్న ధనికకన్య లీల. తగిన నటి దొరకక రాయ్ ఆ పాత్రను విడిచిపెట్టినాడు. దానితో కొడుకును తల్లినుండి లాగే శక్తులలో చదువు, నగరం మాత్రమే మిగిలినవి. భూగోళం బొమ్మ చేతబట్టుకొని రైలు దిగిన కుర్రవానికి అవి చాలునని కొందరంటారు. నాకు చాలవు. యౌవనం నగరంలో ఇంకేదో చూచి ఉండాలి. ఆ ఇంకేదో లేకపోవడంచేతనే అతని దూరం కొన్నిచోట్ల నిష్కారణంగా తోచి, కలకత్తా ప్రేక్షకుని కోపానికి కొంత న్యాయం చేకూర్చినది.

ఛాయాగ్రహణం గురించి ఒక్కమాట చెప్పక తప్పదు. కాశీ ఇంటిని వర్షభయంచేత స్టూడియోలో నిర్మించవలసి వచ్చినది. నడిముంగిలిలోకి పైనుండి దిగే నీడలేని వెలుగును తీసుకురావడానికి సుబ్రత మిత్ర పైన తెల్లగుడ్డ కట్టించి, దీపాలను దానిమీదికి తిప్పి, తిరిగి వచ్చే వెలుతురుతో చిత్రించినాడు. ఇటువంటి సంగతులను సాంకేతికమని సాహిత్య విమర్శకులు విడిచిపెడతారు. కాని ఆ మెత్తని వెలుగే లేకపోతే హరిహరుని రోగశయ్య నాటకరంగంలా కనబడి, శోకం ప్రదర్శనగా మారిపోయేది.

తరువాతి కాలంలో తీర్పులు స్థిరపడినవి. రాబిన్ వుడ్ 1971లో ఈ మూడు చిత్రాలమీద ప్రత్యేకంగా ఒక గ్రంథం వెలువరించినాడు. చిదానంద దాస్‌గుప్త, ఆండ్రూ రాబిన్సన్ విపులంగా వ్రాసినారు. మూడింటిలో మధ్యది కావడం ‘అపరాజితో’కు మేలూ చేసినది, కీడూ చేసినది. ‘పథేర్ పాంచాలి’కి ఆదిమత్వపు కీర్తి ఉన్నది, ‘అపుర్ సంసార్’కు తండ్రీకొడుకుల పునస్సమాగమం ఉన్నది, నడిమిది వంతెనగా లెక్కకు వచ్చి, దాటిపోయేవారే ఎక్కువైనారు. భార్య మరణించగా పసికందు ముఖం చూడని అపు, ఆ మూడవ చిత్రంలోని అపు, తల్లి మరణం నుండి నడిచిపోయిన ఆ కుర్రవాడేనని గుర్తుంచుకొని చూచినవారు మాత్రం రెండవచిత్రాన్ని వంతెన అనరు.

1993లో లండన్‌లోని ఒక ప్రయోగశాలలో జరిగిన అగ్నిప్రమాదంలో ఈ మూడు చిత్రాల మూలప్రతులు కాలిపోయినవి. మిగిలిన కాలిన చుట్టలను దాచి ఉంచి, చాల ఏండ్ల తరువాత ఇటలీలోని బొలోన్యా నగరపు నిపుణులు చేతితో ఒక్కొక్క ముక్కను మెత్తబరచి, అతికి, శుభ్రపరచినారు. 2015లో పునరుద్ధరించిన ప్రతులు ప్రదర్శింపబడినవి. ‘అపుర్ సంసార్’ మూలప్రతి ఏమాత్రం పనికిరాలేదు. ‘పథేర్ పాంచాలి’లో నూటికి నలుబది వంతులు దక్కినవి. అన్నిటికంటె ఎక్కువ భాగం, నూటికి అరువదికి మించి, దక్కినది ‘అపరాజితో’లోనే.